సోమవారం గోలీ

తెగిన పోగు చప్పుడు వినగలిగేవాళ్లు సిరిసిల్ల మొత్తానికి ఇద్దరే ఉండేవారని రాజం షెడ్డులో చెప్పుకుంటారు. అందులో ఒకాయన పోయి పదేళ్లయింది. మిగిలినవాడు దశరథం. ఎనిమిది సాంచాలు ఒక్కసారి టకటకలాడుతుంటే పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. సాంచాలంటే మరమగ్గాలే గానీ ఆ ఊళ్లో మరమగ్గం అనే మాట పేపర్లో తప్ప ఎవరి నోటా రాదు. అంత రొదలో ఎక్కడో ఒక నూలుపోగు తెగితే, చాయ్ తాగుతున్న దశరథం గ్లాసు కింద పెట్టి చటుక్కున తిరిగేవాడు. రెండు వేళ్లు అటు, రెండు వేళ్లు ఇటు, ముడి పడిపోయేది. తర్వాత గుడ్డ మీద వేలు పెట్టి వెతికినా ముడి ఎక్కడుందో దొరికేది కాదు. ముప్పై ఏళ్లు అదే పని, అదే పేరు.

అలాంటి చేతులకు పోయిన చలికాలంలో దిష్టి తగిలిందని ఆయన భార్య అనసూర్య అంటుంది. దిష్టో మరొకటో, పొద్దున లేచేసరికి వేళ్లు పూరీల్లా పొంగి ఉండేవి. చొక్కా గుండీ పట్టేది కాదు. చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించుకొని తాగేవాడు. పదింటికి కాస్త వదులయ్యేవి గానీ అప్పటికే షెడ్డులో ఆయన వేసిన ముడులు జారిపోయి గుడ్డలో గీతలు పడేవి. షెడ్డూ సాంచాలూ ఉన్న ఆసామి రాజం మంచివాడు. కఠినమైన మాట అనడానికి నోరు రాక సాంచాల చుట్టూ మూడుసార్లు తిరిగి, చివరికి అనేశాడు.

“దసరా దాక చూస్త దశరథమన్నా. అప్పటికి చేతులు తిరగకపోతే సాంచాలు వేరేటోళ్లకు ఇయ్యాలె. నిన్ను కండెల కాడ కూసోపెడత.”

కండెలు చుట్టడమంటే కూర్చొని చిన్న గొట్టాల మీద నూలు చుట్టే పని. దశరథానికి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి అది తన చేతితో అయ్యే పనా అని వాపోతే, పెళ్లయినప్పటి నుంచి పదిహేనేళ్లు కండెలు చుట్టిన అనసూర్య, తను చేసినన్నాళ్లు అది పనిగా కనపడలేదా అని అడిగింది.

ఇంట్లో ఇంకో లెక్క కూడా తేలాల్సి ఉంది. ఉగాది ముందురోజు అనసూర్య నల్లపూసల దారం తెగింది. పెళ్లయిననాటి నుంచి అది ఎప్పుడు తెగినా ముడి వేసింది దశరథమే. ఈసారి ఆయన వేళ్లు ఆ సన్నని దారాన్ని పట్టుకోలేకపోయాయి. మూడుసార్లు జారింది. నాలుగోసారి పూసలు మంచం కింద పడ్డాయి. అనసూర్య పూసలేరుకొని, తెగిన రెండు కొసలను పిన్నీసుతో కలిపి మెడలో వేసుకుంది. పక్కింటావిడ తాను ముడేస్తానంటే ఒప్పుకోలేదు. ఇంట్లో ముడేసేటోడు ఉండంగ బయటోళ్లెందుకు అంది. ఆ మాట దశరథానికి వినపడింది. వినపడనట్టు ఊరుకున్నాడు గానీ ఆ పూట అన్నం సహించలేదు.

ఇలా ఉండగా ఇద్దరూ బస్సెక్కి కరీంనగర్‌లో కీళ్ల డాక్టరు రేవతి దగ్గరికి వెళ్లారు. ఆవిడ మందమర్రి బొగ్గుబాయి కాలనీలో పెరిగిన మనిషి. ఎదుటివాళ్లకు అర్థమయ్యేదాకా చెప్పడం ఆవిడకు అలవాటు. రక్తపరీక్ష కాగితాలు చూసి, దశరథం పిడికిలి బిగించమని, ఆయన బిగించలేకపోతే ఆ చేతిని తన చేతిలోకి తీసుకొని చెప్పింది.

“బయటి పురుగు ఒంట్లకొస్తె కొట్టి తరిమేటందుకు మన లోపల ఒక పటాలం ఉంటది. మీ పటాలానికి మనోళ్లెవరో పరాయోళ్లెవరో తెలుస్తలేదు. మీ కీళ్లనే పరాయివనుకొని కొడుతున్నది.”

“మా హనుమండ్లు లెక్క,” అన్నాడు దశరథం.

అనసూర్య ఉరిమి చూసింది. హనుమండ్లు ఆమె తమ్ముడు. మనిషి వెన్న, కానీ పెళ్లిళ్లలో మాత్రం తన వాళ్లకు ఎవరో అవమానం చేయబోతున్నారని ఆయనకు ముందే తెలిసిపోతుంది. వేములవాడలో ఒక పెళ్లికి వెళ్లి, మగపెళ్లివారి తరఫున ఎవడో తన అక్క విస్తరిలో లడ్డూ వేయకుండా పోతున్నాడని లేచి ఒక్కటిచ్చాడు. ఆ పడినవాడు సొంత మేనమామ. వడ్డన చేయడానికి పాపం ఆయనే ముందుకొచ్చాడు. డాక్టరు మాట విన్నది మొదలు దశరథం తన లోపల కాపలా కాసేవాడికి హనుమండ్లు అనే పేరు ఖాయం చేసుకున్నాడు. తమ్ముడి పేరు అలా వాడుకుంటున్నందుకు అనసూర్య వారం రోజులు కూరలో ఉప్పు తగ్గించింది.

డాక్టరు చెప్పిందేమంటే, లోపలి హనుమండ్లును చంపకూడదు, నిజంగా దొంగ వచ్చినప్పుడు వాడే కావాలి. కాస్త నెమ్మదించేలా చేయాలి. అనసూర్యకు ఇక్కడే తిరకాసు కనిపించింది. కరోనా వచ్చినప్పటి నుంచి ఆమె రోజూ తిప్పతీగ, మిరియాలు, పసుపు మరిగించి మొగుడి గొంతులో పోస్తూనే ఉంది. రెండేళ్లు వాణ్ని లేపడానికి అంత తిప్పలు పడితే, ఇప్పుడు పండబెట్టడానికి కరీంనగర్ దాకా రావాలా అని అడిగింది. డాక్టరు నవ్వి, మీ ఆయన ఒంట్లో వాడు లేచే ఉన్నాడమ్మా, ఇంక లేపొద్దు, కషాయం బందు చెయ్యండి అంది. దశరథానికి ఆ రోజు దొరికిన మొదటి సుఖం అదే.

ఆ తర్వాత మందులు. మొదటి ఆరు వారాల కోసం నొప్పిని వెంటనే అణచే చిన్న తెల్ల గోలీలు, రోజూ. అసలు మందు వేరే. పసుపుపచ్చని చిన్న గోలీలు, నాలుగు. అవి చూపించినప్పుడు రేవతి గొంతు మారింది.

“ఇవి వారానికి ఒక్కపారే. మర్చిపోయి రోజూ ఏసుకుంటె ప్రాణం మీదికొస్తది. ఒకటే రోజు పెట్టుకోవాలె, ఆ రోజు తప్ప ఇంకోరోజు ముట్టొద్దు.” దశరథం నుదుటి మీది విభూతిని చూసి మళ్లీ మెత్తబడింది. “వేములవాడ రాజన్న భక్తులున్నట్టున్నరు గదా, సోమవారం పెట్టుకుందం. ఇగ మర్చిపోరు. సోమవారం పొద్దున, టిఫిన్ చేసినంక, నాలుగు. తెల్లారి మంగళవారం వేరే గోలీ ఒకటి, దీని వేడి తగలకుండ.”

అనసూర్య పరీక్షల డబ్బులు కట్టడానికి బయటికి వెళ్లి ఉంటే, రేవతి దశరథం చేత మూడుసార్లు అప్పజెప్పించింది. సోమవారం, పొద్దున, టిఫిన్ చేసినంక. దశరథం బడిపిల్లాడిలా ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. అప్పటికే అటెండరు తర్వాతి పేరు పిలిచాడు. బయట అరవై మంది ఉన్నారు.

బస్సు సిరిసిల్ల దారి పట్టాక గానీ దశరథానికి ఆ సంగతి తట్టలేదు. ఆయనకు సోమవారం పొద్దున టిఫిన్ లేదు. ఇరవై నాలుగేళ్లుగా లేదు. సోమవారం ఒక్కపొద్దు. పొద్దుగూకేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడు, దీపం పెట్టాక ఒక్కసారి అన్నం తింటాడు. సాంచాలు మంచిగ నడవాలని రాజన్నకు మొక్కుకున్నానని ఇంట్లో చెప్పాడు. అనసూర్య ఆ మాట నమ్మింది, మొక్కును మాత్రం ఎన్నడూ లెక్కచేయలేదు. ప్రతి సోమవారం పొద్దున ఆయన ఎదురుగానే కూర్చొని ఉప్మా తినేది, పల్లీలు బాగా వేగినయని చెప్పి మరీ తినేది.

దశరథం ఆలోచించాడు. రాజన్న పేరు ఎత్తిన డాక్టరుకు సోమవారం ఒక్కపొద్దు సంగతి తెలియకుండా ఉంటుందా? తెలిసే చెప్పి ఉంటుంది. అంత చదువుకున్నావిడ మాటలో ఏదో ఉంటుంది. మనం అడిగితే బాగుండదు.

మొదటి సోమవారం పొద్దున మందులు దాచిన బిస్కెట్ డబ్బా తెరిచి నాలుగు గోలీలు అరచేతిలో పోసుకున్నాడు. సోమవారం, అయింది. పొద్దున, అయింది. టిఫిన్, లేదు. సాయంత్రం అన్నం తిన్నాక వేసుకుందామంటే అది పొద్దున కాదు. మంగళవారం వేసుకుందామంటే ప్రాణం మీదికొస్తుందని చెప్పింది. ఎటు చూసినా ఆ పూట వేసుకునే యోగం లేదు. గోలీలను కళ్లకద్దుకొని మళ్లీ డబ్బాలో పెట్టేశాడు. మరునాడు మంగళవారం గోలీ మాత్రం తు.చ. తప్పకుండా వేసుకున్నాడు. దానికి ఏ అడ్డూ లేదు మరి. వేయని మందు వేడి తగలకుండా వేసే మందును ఆయన అంత శ్రద్ధగా వేసుకుంటుంటే చూసే దిక్కు లేకపోయింది.

అనసూర్య అడగలేదా అంటే, అడిగింది. పొద్దున బీడీలు చుట్టుకుంటూనే, గోలీలు ఏస్కుంటున్నవా అని వారానికి రెండుసార్లయినా కేకేసేది. డాక్టరమ్మ చెప్పినట్టే అనేవాడు. ఆ మాటలో అబద్ధం ఇసుమంత లేదు.

చిత్రమేమంటే ఆరు వారాలకు చేతులు బాగుపడ్డాయి. రోజూ వేసుకున్న తెల్ల గోలీల పుణ్యం అది. దశరథం ఆ పుణ్యాన్ని డబ్బాలో ఉన్నవాటికి కట్టబెట్టాడు. వేయకుండానే ఇంత గుణం చూపే మందు వేస్తే ఇంకెంత చూపుతుందోనని వాటిమీద భక్తి పెరిగింది. రేవతి కూడా సంతోషించి, పద్ధతి ప్రకారం వారం గోలీలను నాలుగు నుంచి ఆరు చేసింది, తెల్లవి మెల్లమెల్లగా మాన్పించింది. మరో ఆరు వారాలకు నొప్పులు తిరిగొచ్చాయి, ఈసారి మోకాళ్లను కూడా వెంటబెట్టుకొని. మందులు చెప్పినట్టే వాడుతున్నారా అని ఆవిడ అడిగింది. అచ్చం మీరు చెప్పినట్టేనన్నాడు దశరథం. కాలేయం పరీక్షలో అద్దంలా ఉంది. ఇంత మందు వాడుతున్నా కాలేయం చెక్కుచెదరలేదు, గట్టి మనిషి అని ఆవిడ మెచ్చుకుంది. దశరథం సిగ్గుపడ్డాడు. గోలీలు ఎనిమిదయ్యాయి.

శ్రావణం వచ్చింది. రాజం నాలుగు సాంచాలు అప్పటికే పక్కవాడికి అప్పగించాడు. మిగిలిన నాలుగింటి దగ్గర దశరథం పోగు తెగిన చప్పుడు వినేవాడు, తిరిగేవాడు, వేళ్లు మాత్రం వెళ్లేవి కావు. తెగిందని తెలిసీ ముడి వేయలేక నిలబడటం ఆయనకు నొప్పి కన్నా ఎక్కువ నొప్పిగా ఉండేది. ఒకరోజు సాంచా ఆపి, అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నూలు ధూళి పడిందని చెప్పాడు.

ఈసారి వెళ్తే రేవతి కాగితాలు పక్కన పెట్టి నిట్టూర్చింది. గోలీలతో కాలేదు, సూదిమందు మొదలుపెడదాం అంది. అది యాంటీబాడీ అనే జాతి మందు. మామూలుగా అలాంటివి మన ఒంట్లోనే తయారవుతాయి, పురుగులను పట్టడానికి. దీన్ని మాత్రం ప్రయోగశాలలో తయారుచేసి వేరే పని నేర్పారు.

“పటాలంల ఈల ఊదేటోడు ఒకడుంటడు. ఈల ఇనపడంగనే అందరు ఉరికొస్తరు. గీ మందు పోయి ఆ ఈలను గాలిలనే పట్టేస్తది. ఇనపడకపోతె ఎవరు లేవరు. కాకపోతె నిజం దొంగొచ్చినా జల్ది లేవరు. అందుకే టీబీ ఉన్నదా లేదా ముందే చూసుకోవాలె.”

ఛాతీ ఎక్స్‌రే తీశారు, పరీక్షలు చేశారు. దోషమేమీ లేదు. తన హనుమండ్లు నోరు మూయించడానికి బయటి నుంచి ఇంకో హనుమండ్లును పిలిపిస్తున్నారని దశరథానికి అర్థమైంది. ఒకడితోనే వేగలేకపోతుంటే ఇద్దరైతే ఎట్లాగని లోపల భయం పట్టుకుంది. ఐనా చేతులు కావాలి. దసరా నెలన్నరలో పడింది. పెట్టండి మేడం అన్నాడు.

సూదిమందు ఫ్రిజ్‌లో ఉంది. అది ఇచ్చే నర్సు మమతారాణి, పాతికేళ్ల పిల్ల, కాగితం మీద ఏవో ప్రశ్నలుంటే ఒక్కొక్కటే అడిగి రాసుకుంటోంది. జ్వరం ఉందా, దగ్గు ఉందా, దెబ్బలేమైనా తగిలాయా. అన్నింటికీ లేదు. ప్రశ్నలు అయిపోవచ్చాయని లేచి ఫ్రిజ్ దగ్గరికి నడుస్తూ, చివరిది వెనక్కి తిరక్కుండానే అడిగింది.

“బాపూ, సోమవారం గోలీలు ఏస్కున్నంక కడుపుల తిప్పినట్టు గిట్ల అయితదా? ఏం టిఫిన్ తిని ఏస్కుంటరు?”

జవాబు అనసూర్య ఇచ్చింది. “సోమవారం ఆయనకు టిఫినెక్కడిది బిడ్డా. ఒక్కపొద్దు. పొద్దుగూకేదాక మంచినీళ్లే.”

ఫ్రిజ్ తలుపు మీది చెయ్యి ఆగిపోయింది. మమతారాణి మెల్లగా ఇటు తిరిగింది. మరి గోలీలెప్పుడు వేసుకుంటారని అడిగింది.

“టిఫిన్ చేస్తె గద ఏస్కునుడు,” అన్నాడు దశరథం.

ఆయన ముఖంలో కల్మషమేమీ లేదు. ఇన్నాళ్లకు ఒక మనిషి అడగాల్సిన తీరులో అడిగితే చెప్పాల్సింది చెప్పాడు, అంతే. మందులన్నీ తెమ్మన్నారు కాబట్టి సంచిలో నుంచి బిస్కెట్ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. రేవతి లోపలికి వచ్చేసరికి అనసూర్య పసుపు గోలీలన్నీ పరిచి లెక్కపెడుతోంది. ఆరు వారాలకు నాలుగు చొప్పున ఇరవై నాలుగు. ఆరు చొప్పున ముప్పై ఆరు. ఎనిమిది చొప్పున నలభై ఎనిమిది.

“నూటెనిమిది మేడం,” అంది. “జపమాలకు సరిపోను ఉన్నయి.”

రేవతి కుర్చీలో కూలబడి నవ్వింది. కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ నవ్వింది. నా మందు ఓడిపోయిందనుకున్న, పాపం అది బరిలకే దిగలే అంది. మంగళవారం గోలీ సంగతి విని ఇంకోసారి నవ్వింది. కాలేయం అద్దంలా ఎందుకుందో కూడా అప్పుడే అర్థమైంది. ఆపైన ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. డబ్బా మీద చెయ్యి వేసి, తప్పు నాదే అంది. సోమవారం అని రాసేముందు సోమవారం మీరేం చేస్తారని ఒక్క మాట అడగాల్సింది. ఈయన ఏ రోజైనా టిఫిన్ చేసి ఒక్కసారే ఎనిమిది మింగి ఉంటే? పైగా అవసరమో కాదో తెలియకుండానే ఆ సూదిమందు ఇవ్వబోయింది. ఫ్రిజ్ తలుపు మూయమని మమతారాణికి సైగ చేసింది. మళ్లీ మొదటి నుంచి, నాలుగు గోలీలతోనే మొదలుపెడదామని, ఆరోగ్యం కోసమే కాబట్టి సోమవారం పొద్దున ఇంత టిఫిన్ తింటే దేవుడేమీ అనుకోడని దశరథానికి నచ్చజెప్పబోయింది.

దశరథం తల అడ్డంగా ఊపాడు. అది కాదు మేడం అన్నాడు.

అనసూర్యకు అప్పటిదాకా పట్టి ఉంచిన కోపమంతా పొంగింది. సాంచాలు నడవాలని ఉపవాసం, ఆ ఉపవాసంతోనే వేళ్లు పోయె, వేళ్లు పోయినంక సాంచాలేడివి అని అడిగింది. నాలుగు నెలలు పక్కన పండుకొని మూలుగుతుంటే ఎన్ని రాత్రులు నూనె రాసిన, డబ్బాల మందు పెట్టుకొని మూలిగినవా అని అడిగింది. ఏ దేవుడడిగిండు నిన్ను, సాంచాల కోసం ఇంత మొండితనమా అంది. మమతారాణి మంచినీళ్లు తెచ్చింది.

దశరథం నేల వైపు చూస్తూ, షెడ్డులో అరిచి మాట్లాడే అలవాటున్న మనిషి, వినపడీ వినపడనంత మెల్లగా అన్నాడు.

“సాంచాల కోసం గాదు. హర్షిణి పుట్టినప్పుడు నీకు నెత్తురు ఆగకపాయె. గీ కరీంనగర్ల పెద్ద దవాఖాన బయట నిలవడ్డ. ఆశ పెట్టుకోకుండ్రి అన్నరు. నా పెండ్లాం లేచి ఇంటికొస్తె బతికినన్ని సోమవారాలు నీవే అని రాజన్నకు మొక్కిన.”

హర్షిణి వాళ్ల ఒక్కగానొక్క కూతురు. పిల్లకు ఇరవై నాలుగేళ్లు. అనసూర్య లెక్క చూసుకుంది. ఆ ఇరవై నాలుగేళ్లలో ఎన్ని సోమవారాలో, ఎన్ని ఉప్మాలో. చేతిలో గ్లాసు పట్టుకొని అలాగే నిలబడింది.

“మరి సాంచాల కోసమని ఎందుకు చెప్పినవు?”

“పెండ్లాం కోసం ఒక్కపొద్దుంటుండంటె షెడ్డుల బతకనిస్తరా?” అన్నాడు దశరథం.

రేవతి చీటీ మీద సోమవారం అన్న మాట కొట్టేసి బుధవారం అని రాసింది. మంగళవారం కొట్టేసి గురువారం అని రాసింది. వారానికొక్కసారే, ఆ రోజు ఏదైతేనేం, ఎప్పుడూ అదే రోజు కావాలంతే అంది. బుధవారం మీకు ఉపవాసం, మొక్కు, జాతర, శాస్త్రం ఏమైనా ఉన్నాయా అని దశరథాన్ని ఒక్కొక్కటిగా అడిగి, అన్నింటికీ లేదనిపించుకొని అప్పుడు సంతకం పెట్టింది. పాత డబ్బాలో నూటెనిమిదీ తనే తీసుకుంది.

ఈ కథ రాజం షెడ్డుకు ఎలా చేరిందో తెలియదు. మూడో రోజుకు ఎనిమిది షెడ్లు తిరిగి, హనుమండ్లు దాకా పోయింది. తన పేరు జబ్బుకు పెట్టారని అతను కోపగించుకుంటాడేమోనని అనసూర్య భయపడింది. అతను కోపగించుకోలేదు. నేను మావోళ్లనే కొడతనని కరీంనగర్ డాక్టరుకు గూడ తెలిసిపోయిందా బావా అని ఫోన్లో గర్వంగానే అడిగాడు. రాజమైతే విని విని నవ్వి, గడువు దసరా నుంచి దీపావళికి పెంచాడు.

బుధవారం పొద్దున అనసూర్య బీడీల చాట పక్కన పెట్టి మొగుడి ఎదురుగా కూర్చునేది. ప్లేటులో ఉప్మా అయ్యేదాకా చూసేది. నాలుగు గోలీలు నోట్లో పడేదాకా చూసేది. నోరు తెరిచి చూపించమనేది. ఒక నెల ఏమీ కాలేదు. రెండో నెలలో ఒక పొద్దున దశరథం తన చొక్కా గుండీలు తనే పెట్టుకొని, ఆ సంగతి గమనించకుండానే షెడ్డుకు వెళ్లిపోయాడు. అనసూర్య గమనించింది గానీ దిష్టి తగులుతుందని నోరెత్తలేదు. దీపావళికి రాజం నాలుగు సాంచాలు ఉంచాడు. వారం తిరిగేసరికి పక్కవాడి దగ్గరి నాలుగూ మాట మాత్రం అనకుండా తిరిగి ఇచ్చాడు. సూదిమందు అవసరం పడలేదు. అది ఏ పుణ్యాత్ముడికి అవసరమో అతనికి దక్కి ఉంటుంది.

కార్తీకంలో ఒక సోమవారం. షెడ్డుకు సెలవు. ఇద్దరం కలిసే ఒక్కపొద్దుందామని అనసూర్య ముందురోజే చాటింపు వేసింది. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చొని తిన్నందుకు పరిహారమట. తెల్లారి తలస్నానం చేసింది, దీపం పెట్టింది, ఎనిమిదింటి దాకా రాజన్నను తలుచుకుంది. తొమ్మిదింటికి టైమెంతయిందని అడిగింది. పదింటికి మళ్లీ అడిగింది. పదకొండింటికి వంటింట్లో పోపు చప్పుడైంది. దశరథం చెవులు చురుకైనవి, పోగు చప్పుడే వినేవాడికి పోపు వినపడదా? తిరిగి చూడకుండానే నవ్వుకున్నాడు. ఆమె ఉప్మా ప్లేటుతో వచ్చి, ముఖం గంటు పెట్టుకొని, అలవాటు ప్రకారం ఆయన ఎదురుగా కూర్చుంది.

“నువ్వు మొక్కింది నేను బతకాలని గద,” అంది తింటూ. “బతికే ఉన్న. ఇంక ఎందుకు ఈ ఉపాసాలు?”

“బతికి ఉన్నవనే,” అన్నాడు దశరథం.

అనసూర్య చేతిలోని ముద్ద ప్లేటులోనే ఆగింది. ఆపైన ఎడమచేత్తో మెడలోని నల్లపూసలు తీసి, పిన్నీసు ఊడదీసి, తెగిన కొసలు రెండూ ఆయన ముందు పెట్టింది.

దశరథం చేతులు ధోతికి తుడుచుకున్నాడు. రెండు వేళ్లు అటు, రెండు వేళ్లు ఇటు. ఒకసారి జారింది. ఆయన ఊపిరి బిగబట్టాడు, ఆమె కూడా బిగబట్టింది. రెండోసారి పడింది. కొసలను పంటితో కొరికి, దారం ఆమె మెడలో వేసి, ముడి మీద బొటనవేలు పెట్టి ఒకసారి రాసి చూశాడు. ఎక్కడుందో దొరకలేదు. అనసూర్య పిన్నీసును దాచుకోవడానికి కొంగుకు గుచ్చుకొని, ప్లేటు తీసుకొని మిగిలిన ఉప్మా తినేసింది. పల్లీలు బాగా వేగినయని చెప్పింది.